దారిన పోయే దానయ్య బీమా

మొన్నో ఆదివారం పొద్దున మా మనవడు వరండాలో కూచుని కాఫీ తాగుతూ కారుకు ఇన్సూరెన్సు చేయించాడు. "చేయించాడు" అనడం నా పాత అలవాటు గాని, నిజానికి వాడెవరిచేతా చేయించలేదు. తనే చేసుకున్నాడు. ఎడంచేతిలో గ్లాసు, కుడిచేతిలో ఫోను. బొటనవేలు నాలుగుసార్లు పైకీ కిందికీ ఆడింది. గ్లాసు ఖాళీ అయ్యేసరికి ఫోను టింగుమంది.

"అయిపోయింది తాతయ్యా" అన్నాడు.

"ఏందిరా అయిపోయింది?"

"కారు ఇన్సూరెన్సు. ఇవ్వాళ రాత్రితో గడువు తీరుతుంది. మళ్ళీ కట్టేశా."

"మరి కాయితం?"

"ఫోన్లోనే వచ్చింది. కావాలంటే చూడు."

చూశాను. అక్షరాలు చీమలబారులా ఉన్నాయి. కళ్ళజోడు సవరించుకుని, "ఎవరికోసం కట్టావురా?" అని అడిగాను. వాడు నావంక వింతగా చూశాడు. "ఎవరికోసమేంది తాతయ్యా, మన కారు కోసమే గదా!" అన్నాడు.

ఆ ప్రశ్న నాది కాదండీ. ఇంచుమించు యాభై ఏళ్ళ కిందట, ఇదే వరండాలో, ఒక పెద్దమనిషి మా పెదనాన్నను అడిగిన ప్రశ్న. పెదనాన్న చెప్పిన జవాబు కూడా అక్షరాలా మా మనవడి జవాబే. మధ్యలో అర్ధశతాబ్దం గడిచింది. కాయితం పోయింది, కార్బను పోయింది, ఏజెంటు పోయాడు, ఆఫీసుకు వెళ్ళే పని పోయింది. ప్రశ్న మాత్రం అక్కడే ఉంది. దాని కథే ఇది.

ముందుగా మా ఊరి సంగతి చెప్పాలి. తెలుగునాట రాజుపాలేలకు కొదవలేదు. కడప జిల్లాలో ఆ పేరుతో ఏకంగా ఒక మండలమే ఉంది. మాది పల్నాటి రాజుపాలెం. 2022 ఏప్రిల్ 4 దాకా గుంటూరు జిల్లాలో ఉండి, ఆ రోజునుంచి నరసరావుపేట ముఖ్యపట్టణంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలోకి వచ్చింది. సత్తెనపల్లి నుంచి పిడుగురాళ్ళ వెళ్ళే రోడ్డు మీద ఉంటుంది. ఆ రోడ్డును కాసేపు చూస్తే పల్నాడు ఏం పండిస్తుందో, ఏం తవ్వుతుందో తెలిసిపోతుంది. గుంటూరు యార్డుకు పోయే మిరపకాయ టిక్కీల లారీలు, కొండంత పత్తితో ఊగుతూ వచ్చే ట్రాక్టర్లు, పిడుగురాళ్ళ సున్నం, దాచేపల్లి సిమెంటు, తెల్లారకముందే కూలీలను కుక్కుకుని పరుగెత్తే ఆటోలు. వీటన్నిటి పక్కన, తారు అంచున, మట్టిలో, గడ్డిమోపుతోనో పలుగుపారతోనో నడిచి పోయే మనిషి ఒకడుంటాడు. లోకం అతన్ని దారిన పోయే దానయ్య అంటుంది. బీమా వాళ్ళ భాషలో అతని పేరు థర్డ్ పార్టీ. మూడో మనిషి. కొన్నవాడొకడు, అమ్మినవాడొకడు, వీళ్ళిద్దరి సంగతీ ఏమీ ఎరగనివాడు మూడోవాడు.

ఈ మూడో మనిషిని గురించిన చింత మోటారుతో పుట్టింది కాదు. బండి పుట్టినప్పుడే పుట్టింది. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో ఎడ్లబండ్ల ప్రమాదాలకు ఒక చిన్నపాటి మోటారు వాహనాల చట్టమే ఉంది. ముక్కుతాడు తెగినా, కాడి విరిగినా, ఇరుసు విరిగినా, తోలేవాడు తప్పుకోమని గట్టిగా కేకలు పెట్టినా బండివాడి తప్పు లేదట. కాని తోలేవాడికి తోలడం చేతకాక ప్రమాదం జరిగితే మాత్రం జరిమానా తోలేవాడికి కాదు, యజమానికి. రెండు వందల పణాలు. చేతకానివాణ్ణి బండి మీద కూర్చోబెట్టిన పాపం యజమానిదని ఆనాడే తేల్చారన్నమాట. అయితే యజమాని దగ్గర ఆ రెండు వందల పణాలూ లేకపోతే ఏమిటన్నది అప్పుడెవరూ ఆలోచించినట్టు లేదు.

ఆ ఆలోచన మోటారు యుగంలో వచ్చింది. కారు ఎడ్లబండిలా కేకవేస్తే ఆగేది కాదు. గుద్దినవాడి ఆస్తి మొత్తం అమ్మినా గుద్దించుకున్నవాడి కుటుంబానికి చాలని రోజులొచ్చాయి. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 1927 నుంచి కారున్న ప్రతివాడికీ బీమా తప్పనిసరి చేసింది. ఇంగ్లండు 1930 రోడ్డు ట్రాఫిక్ చట్టంతో అదే దారి పట్టింది. మన దేశంలో 1939లో మోటారు వాహనాల చట్టం వచ్చింది గాని, అందులో బీమాను తప్పనిసరి చేసిన ఎనిమిదో అధ్యాయం మాత్రం ఏడేళ్ళు కాయితం మీదే నిద్రపోయి 1946 జూలై 1న మేలుకొంది. ఈ జూలై 1కీ మోటారుకీ ఏదో బంధుత్వం ఉన్నట్టుంది. 1988 నాటి కొత్త చట్టం అమలయింది 1989 జూలై 1న. కారు ధరను ఏటేటా ఎంత తగ్గించి బీమా చేయాలో పట్టీ వేసి చెప్పిన కొత్త టారిఫ్ వచ్చింది 2002 జూలై 1న.

మన తెలుగువాళ్ళు బీమా అంటే భయపడి దూరంగా ఉన్నవాళ్ళేమీ కారు. బందరులో 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టిన డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారే 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీని, 1935లో హిందూస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్స్ కంపెనీని స్థాపించారు. 1956లో జీవిత బీమా ప్రభుత్వ పరమైంది. మోటారు, అగ్నిప్రమాదం, సముద్ర రవాణా మొదలైన సాధారణ బీమాల వంతు 1971లో వచ్చింది. నూట ఏడు కంపెనీలను కలిపి, 1973 జనవరి 1 నుంచి నాలుగు కంపెనీలు చేశారు. కలకత్తాలో ఒకటి, బొంబాయిలో ఒకటి, ఢిల్లీలో ఒకటి, మద్రాసులో ఒకటి. కోస్తా జిల్లాల నుంచి రాయలసీమ దాకా కారున్నవాడెవడైనా ఈ నలుగురిలో ఒకరి గుమ్మం తొక్కవలసిందే.

మా పెదనాన్న ఒక పాత అంబాసిడర్ కొన్నది ఆ రోజుల్లోనే. గుమ్మం తొక్కవలసిన అవసరం కూడా ఆయనకు రాలేదు. గుమ్మమే నడిచి వచ్చింది. నరసరావుపేట బస్సు దిగి, చేతిలో నల్ల తోలుసంచీ, చంకలో గొడుగుతో ఏజెంటుగారు వచ్చారు. సంచీలో ఏమున్నాయో పిల్లలమంతా చుట్టూ మూగి చూశాం. ఒక టారిఫ్ పుస్తకం, కార్బను కాయితాలు, కవర్ నోట్ల పుస్తకం, రెండు పెన్సిళ్ళు. ఆయన కారు బానెట్ తెరిపించి, ఛాసిస్ నంబరు మీద పల్చటి కాయితం పెట్టి పెన్సిలుతో రుద్దారు. నల్లటి రాపిడిలో అంకెలు తెల్లగా తేలాయి. మాకది గారడీలా అనిపించింది. ఇప్పటి ఫొటోకు అదే ముత్తాత.

"ఎంత కట్టాలయ్యా?" అన్నారు పెదనాన్న. ఏజెంటుగారు పుస్తకం తిరగేసి లెక్క చెప్పారు. పెదనాన్న మిరపకాయల బేరంలో ఆరితేరిన మనిషి. "కాస్త చూసి చెప్పు" అన్నారు. ఆయన నవ్వి, "నేను తగ్గించలేనండీ. మా మేనేజరుగారూ తగ్గించలేరు. మీరు మద్రాసు వెళ్ళినా, బొంబాయి వెళ్ళినా ఇదే రేటు. టారిఫ్ కమిటీ వాళ్ళు వేసిన లెక్క" అన్నారు. బేరం లేని వ్యాపారం ఒకటి ఉంటుందని పెదనాన్నకు ఆ రోజే తెలిసింది.

అప్పుడు ఆయన కలం మూత తీస్తూ అడిగారు: "ఈ బీమా ఎవరికోసం కడుతున్నారో తెలుసాండీ?"

"నా కారు కోసమే గదయ్యా!"

"కారు కోసం కట్టేది మీ ఇష్టం. కట్టకపోతే ఎవరూ అడగరు. సర్కారు మెడమీద కూచుని కట్టమనేది దారిన పోయే దానయ్య కోసం. మీ చక్రం కింద అతను పడితే, అతని పెళ్ళాం బిడ్డలు మీ గడప దగ్గర ఏడవకుండా ఉండడం కోసం."

పెదనాన్న "సరే, రాయి" అన్నారు. ఆయన తేదీ వేసి, చేతి గడియారం చూసి పక్కన టైము కూడా వేశారు. కార్బను కిందనుంచి నకలు తీసి చేతికిచ్చారు. అసలు పాలసీ పోస్టులో వచ్చేదాకా ఆ కవర్ నోటే ఆధారం.

రెండేళ్ళు సజావుగా నడిచింది. మూడో ఏడు, 1979లో, గడువు దగ్గరికొస్తోందని ఏజెంటుగారు కార్డు ముక్క రాశారు. పెదనాన్న చదివి చూరులో దోపారు. కోతల రోజులు. ఎవరికి తీరిక? గడువు దాటిన తొమ్మిదో రోజు మునిమాపు వేళ గుంటూరు యార్డు నుంచి తిరిగొస్తూ, ఊరికి ఇంకో మైలుందనగా, గడ్డిమోపుతో రోడ్డు అంచున నడుస్తున్న ఒక కూలీని కారు కొట్టింది. గుంటూరు పెద్దాసుపత్రిలో మూడోనాడు పోయాడు. అతని పేరు నేనిక్కడ రాయను. ఇద్దరు ఆడపిల్లలు.

ఆ రాత్రే ఏజెంటుగారికి మనిషిని పంపారు. ఆయన వచ్చారు. ఊరి పెద్దలు నలుగురూ ఇదే వరండాలో కూచుని, "పది రోజుల కిందటి తేదీ వేసి ఒక్క కాయితం రాయవయ్యా. ఎవరికి తెలుస్తుంది? డబ్బు పోయేది కంపెనీది. బాగుపడేది ఆ పిల్లలు" అన్నారు. ఆ వాదనలో బలం లేకపోలేదు. ఏజెంటుగారు సంచీ తెరవలేదు. "రాసేవాళ్ళున్నారండీ. నేను రాయలేను. ఇది కంపెనీ డబ్బు కాదు. పదిమంది దానయ్యల కోసం పదిమంది ముందుగా కట్టిన డబ్బు. మనం ఈవేళ వెనక్కి తేదీ వేసుకుంటే రేపు ముందుగా కట్టేవాడెవడు?" అని లేచి, రాత్రి బస్సుకు వెళ్ళిపోయారు.

పెదనాన్న రోడ్డువారన ఉన్న ఎకరం చేను అమ్మి ఆ కుటుంబానికిచ్చారు. ఏజెంటుగారితో ఆరు నెలలు మాట్లాడలేదు. ఏడో నెలలో తనే కబురు పెట్టి పాలసీ రాయించుకున్నారు. ఆ తర్వాత కారు అమ్మేదాకా ఒక్కరోజు కూడా గడువు తప్పలేదు. చూరులో దోపిన ఆ కార్డు మాత్రం చాలాకాలం అక్కడే ఉండిపోయింది. ఎవరూ తీయలేదు.

అందరు ఏజెంట్లూ ఆయనలాంటి వాళ్ళే అయితే దేశంలో ఇంత చరిత్ర జరిగేది కాదు. నిజానికి డబ్బు ముందుగా ముట్టందే బీమా మొదలు కాదన్న నియమం 1969 నుంచే చట్టంలో ఉంది. కాని కార్బను కాయితం మీద తేదీ వేసేది మనిషి. తేదీ ఉన్నా గంట ఉండదు. పొద్దున ప్రమాదం జరిగితే మధ్యాహ్నం బీమా కట్టి, "తేదీ ఒకటే గదా" అనేవాళ్ళు బయల్దేరారు. ఈ పేచీ సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. గంట రాయకపోతే ఆ తేదీ మొదలైన అర్ధరాత్రి నుంచే బీమా ఉన్నట్టు లెక్క అని 1990లో కోర్టు చెప్పింది. గంట రాసి ఉంటే ఆ గంట నుంచే అని తర్వాత తేల్చింది. ఒక కేసులో 1991 డిసెంబరు 10న ప్రమాదం జరిగింది మధ్యాహ్నం 2 గంటల 20 నిమిషాలకు. కవర్ నోటు పుచ్చుకున్నది అదే రోజు 2 గంటల 55 నిమిషాలకు. ముప్పయ్యయిదు నిమిషాల తేడా. కంపెనీ బాధ్యత లేదు, యజమానే కట్టుకోవాలని కోర్టు తీర్పు. మా ఏజెంటుగారి చేతిగడియారం ఎంత ముందుచూపు గలదో ఆ తీర్పు గురించి చదివినప్పుడు గాని నాకు అర్థం కాలేదు.

ఈ పేచీకి మందు కోర్టుల కంటె కంప్యూటరు బాగా వేసింది. కంప్యూటరు అచ్చువేసిన పాలసీ మీద తేదీ, గంట, నిమిషం అన్నీ దానంతటవే పడతాయి. దాన్ని బతిమాలలేం. దానికి మొహమాటం లేదు, మేనమామ లేడు, రాత్రి బస్సు లేదు. కొనడం మారిపోయిందని అంటామే, ఆ మార్పులో మొదటి మెట్టు ఇదేనని నా అభిప్రాయం. బీమా కొన్న క్షణం ఏదన్నది మనిషి మాట మీద ఆధారపడటం మానేసింది.

రెండో మెట్టు ధర. 1999లో చట్టం చేసి బీమా రంగంలోకి ప్రైవేటు కంపెనీలను రానిచ్చారు. వాటి మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏ 2001లో ఢిల్లీ నుంచి మన హైదరాబాదుకు మకాం మార్చింది. దేశం మొత్తం మీద ఎవరు ఏ బీమా అమ్మాలన్నా అనుమతి ఇచ్చేది హైదరాబాదేనన్నది మనలో చాలామందికి తెలియదు. 2007 జనవరి 1న సొంత కారు నష్టానికి కట్టే భాగం మీద టారిఫ్ ఎత్తేశారు. దానయ్య భాగం రేటు మాత్రం ప్రభుత్వమే నిర్ణయించేలా ఉంచారు. 2022 జూన్ 1 నుంచి అమలైన రేట్లలో వెయ్యి సీసీ లోపు కారుకు అది 2,094 రూపాయలు, వెయ్యి నుంచి పదిహేను వందల సీసీ కారుకు 3,416 రూపాయలు. పన్ను అదనం. ఏ కంపెనీకి వెళ్ళినా ఈ భాగంలో పైసా తేడా ఉండదు. తేడా అంతా మిగతా భాగంలోనే. పెదనాన్న బతికుంటే ఎంత సంతోషించేవారో! బేరానికి చోటు దొరికింది.

కాని నలభై గుమ్మాలు ఎక్కి దిగి బేరమాడే ఓపిక ఎవరికుంది? అక్కడ ఇంటర్నెట్టు అక్కరకొచ్చింది. ఇంగ్లండులో 1985లోనే డైరెక్ట్ లైన్ అనే కంపెనీ మధ్యవర్తి లేకుండా టెలిఫోను మీద కారు బీమా అమ్మడం మొదలుపెట్టింది. అమెరికాలో ప్రోగ్రెసివ్ అనే కంపెనీ 1997లో ఇంటర్నెట్టులో అమ్మింది. మన దేశంలో అన్ని కంపెనీల రేట్లూ పక్కపక్కన పేర్చి చూపే వెబ్‌సైట్లకు 2013లో నిబంధనలు చేశారు. ఫోన్లో ఉన్న పాలసీ కాయితంతో సమానమేనని 2018లో తేల్చారు. ఇప్పుడు పోలీసువాడు ఆపితే ఫోను చూపించవచ్చు. ఆపకపోయినా బండి నంబరు కొట్టి బీమా ఉన్నదీ లేనిదీ తనే చూసుకోగలడు. గడువు దాటిన కారుకు మళ్ళీ బీమా కావాలంటే పెన్సిలు రుద్దే మనిషి రానక్కర్లేదు. కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వీడియో తీసి పంపిస్తే సరి. గుళ్ళో దేవుడికి చేసినట్టే. ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరిగితే అంతకు తగ్గట్టు కట్టే పద్ధతికి కూడా 2022 జూలైలో అనుమతి వచ్చింది. పండగకీ పబ్బానికీ మాత్రమే షెడ్డులోంచి బయటికొచ్చే పల్లెటూరి కార్లకు ఇది లాభమే.

ఇంతకీ ఏజెంటు మాయమయ్యాడా? పూర్తిగా కాలేదు. వేషం మార్చాడు. మోటారుసైకిలు బీమాలాంటి సులువైన పాలసీలు అమ్మడానికి పది చదివి చిన్న శిక్షణ పొందినవాడైనా చాలునని 2015లో వెసులుబాటు ఇచ్చారు. దాంతో మండలాల్లో జిరాక్సు షాపులు, నెట్ సెంటర్లు ఇన్సూరెన్సు ఆఫీసులైపోయాయి. ఆధార్ నకలు తీయించుకోవడానికి వెళ్ళినవాడు పనిలోపనిగా బండి బీమా కూడా పట్టుకొస్తాడు. ఫోనుంటే తనే, లేకపోతే జిరాక్సు కుర్రాడు. సంచీ మనిషి మాత్రం లేడు.

అంచేత ధర తేలింది, క్షణం తేలింది, సాక్ష్యం తేలింది. మరి ఏం మిగిలింది? అడిగేవాడు మిగల్లేదు.

ఫోను ప్రశ్నలు వేయదని కాదు. మనిషికంటె ఎక్కువే వేస్తుంది. కాని జవాబు కూడా తనే పక్కన రాసిపెట్టి, టిక్కు కొట్టమంటుంది. కారు విలువ ఎంత అనే చోట ఒక గీత మీద గుండు చూపిస్తుంది. గుండును కాస్త ఎడమకు జరిపితే ప్రీమియం ఓ మూడు నాలుగు వందలు తగ్గుతుంది. అది బేరంలో గెలిచినట్టు ఉంటుంది. రేపు కారు దొంగలపాలైనా, నుజ్జునుజ్జయినా కంపెనీ ఇచ్చేది ఆ తగ్గించిన విలువేనని వేలికి తెలియదు. మా ఏజెంటుగారైతే "ఎందుకండీ, చుట్ట ఖర్చు మిగుల్చుకోవడానికి చేను తాకట్టు పెడతారా?" అనేవారు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ఈ సంగతి వేలమందికి తెలిసొచ్చింది. నీళ్ళలో మునిగిన కారుకు మామూలు పూర్తి బీమా వర్తిస్తుంది. కాని ఇంజనులోకి నీళ్ళు పోయాక తాళం తిప్పి స్టార్టు చేస్తే, ఆ చెడిపోయిన ఇంజను చాలా పాలసీల్లో రాదు. దానికి వేరే రక్షణ కొనుక్కోవాలి. కొనేటప్పుడు ఫోన్లో ఆ మాట ఉంటుంది. మూడో తెర మీద, చిన్న గడిలో. ఆఖరుకు ప్రభుత్వం కల్పించుకుని బీమా కంపెనీల వాళ్ళను, వరద బాధితులను ఒకచోట కూర్చోబెట్టవలసి వచ్చింది. కొన్నది ఫోన్లోనే అయినా, కష్టం వచ్చాక మనిషి ఎదురుగా మనిషి కూచోక తప్పలేదు.

మా చుట్టాల కుర్రాడొకడు సొంత కారని బీమా కట్టి, పెళ్ళిళ్ళ సీజనులో ఆ కారునే కిరాయికి తిప్పుతుంటాడు. పల్నాట్లో ఇది కొత్తేమీ కాదు. "వాడకం ఏమిటి" అనే చోట "సొంతానికి" అని టిక్కు కొట్టాడు. టిక్కు కొట్టడానికి అర క్షణం పట్టింది. నిరుడు ఆ కారు ఒక పెళ్ళివారిని దింపి వస్తూ కల్వర్టును గుద్దుకుంది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. కారు బాగుకు మాత్రం కంపెనీ ఒక్క రూపాయి ఇవ్వలేదు. సొంత కారు పాలసీ కిరాయి తిరుగుడుకు చెల్లదు. "ఆ మాట నాకెవరు చెప్పారు?" అని వాడి బాధ. ఎవరూ చెప్పలేదు. రాసి ఉంది, అంతే. ఎవరైనా దెబ్బతిని ఉంటే, ముందు కంపెనీ చేత ఇప్పించి, తర్వాత ఆ డబ్బు వీడి దగ్గర ముక్కుపిండి వసూలు చేసుకోమని కోర్టు చెప్పే వీలుంది. దానయ్యకు అన్నం దొరుకుతుంది. వీడి ఎకరం పోతుంది.

ఎకరం ఉన్నవాడి సంగతి అది. లేనివాడి సంగతి? 2024లో పార్లమెంటు స్థాయీ సంఘం ఒకటి చెప్పినదాని ప్రకారం మన రోడ్ల మీద తిరిగే బళ్ళలో సగానికి పైగా బీమా లేనివే. అందులో చాలా భాగం మోటారుసైకిళ్ళు. కొత్తలో షోరూము వాడు కట్టిస్తాడు, రెండో ఏడు మనం మరిచిపోతాం. అందుకే సుప్రీం కోర్టు కల్పించుకోగా 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు మూడేళ్ళు, కొత్త మోటారుసైకిలుకు అయిదేళ్ళు దానయ్య బీమా ఒకేసారి కట్టించుకుంటున్నారు. బీమా లేకుండా నడిపితే మొదటిసారి రెండు వేల జరిమానా, రెండోసారి నాలుగు వేలు అని 2019లో పెంచారు. అయినా ఆ సగం సగంగానే ఉంది. కాఫీ తాగేలోపు కొనగలిగే రోజుల్లో, కొనకుండా ఉండటానికి తీరిక లేదనే సాకు కూడా చెల్లదు. నా ఉద్దేశంలో అసలు కారణం ఒకటే. కొనేవాడికి ఫోన్లో తన కారు కనిపిస్తుంది, ధర కనిపిస్తుంది, జరిమానా కనిపిస్తుంది. గడ్డిమోపుతో నడిచేవాడు కనిపించడు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఫోను అబద్ధం ఆడదు గాని, ఫోనులో అబద్ధం ఆడేవాళ్ళున్నారు. పాత పాలసీ మీద పేరూ తేదీ మార్చి, సగం ధరకే అమ్మే మోసగాళ్ళు బయల్దేరారు. కొన్న తర్వాత బండి నంబరుతో ప్రభుత్వ పరివాహన్ సైటులో చూసుకోవచ్చు. హైదరాబాదులోనే 2009లో పెట్టిన ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో దగ్గర కూడా చూసుకోవచ్చు. అక్కడ లేకపోతే మీ చేతిలో ఉన్నది బొమ్మ కాయితమే. చేతులు కాలాక ఆకులు పట్టుకునే కంటె రెండు నిమిషాలు వెచ్చించడం మేలు.

పాతకాలమే బాగుందని నేననడం లేదు సుమండీ. పాతకాలంలో మా ఏజెంటుగారు ఒకరుంటే, రాత్రికి రాత్రి తేదీ మార్చేవాళ్ళు నలుగురుండేవాళ్ళు. ఆయన నిజాయితీ ఆయనతోనే పోయింది. కంప్యూటరు ఆ నిజాయితీని గడియారంలో బిగించి అందరికీ పంచిపెట్టింది. అది చిన్న మేలు కాదు. ఆయన చేతిగడియారం యంత్రంలోకి చేరింది. ఆయన ప్రశ్న మాత్రం చేరలేదు. దాన్ని ఇంట్లో పెద్దవాళ్ళమే అడగాలి కాబోలు.

అందుకే ఆ ఆదివారం మా మనవణ్ణి మళ్ళీ పిలిచాను. చూరు ఇప్పుడు లేదు. స్లాబు వేశాం. కార్డూ లేదు. చేను పోయిన సంగతి, ఇద్దరు ఆడపిల్లల సంగతి, రాత్రి బస్సుకు వెళ్ళిపోయిన మనిషి సంగతి చెప్పాను. వాడు ఇవన్నీ ఎప్పుడూ వినలేదు. తప్పు నాదే, చెప్పలేదు.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోను తీసి ఏదో వెతికాడు.

"మళ్ళీ ఏందిరా?"

"మన పాలేరు మోటారుసైకిలు నంబరు కొట్టి చూశా తాతయ్యా. రెండేళ్ళుగా బీమా లేదు."

"మరి?"

"ఆయన్ని పిలుస్తావా? వివరాలడగాలి" అన్నాడు.

ఈసారి కాఫీ నేనే పెట్టించాను.